అవుతలి దరి: చాందా క్యాంపు, గొల్ల రామవ్వ, నజ్రూల్‌నగర్

మా వైపు పాతకాలం మనుషులు ఎదురైనప్పుడు నమస్కారం అనరు. "శనార్తి" అంటారు. "శనార్తి పటేలా", "శనార్తులు బాపూ". శరణార్థి అన్న మాటే నాలుక మీద అరిగి అట్లా అయింది. అంటే ప్రతి దండం వెనకా "నీ శరణు కోరి వచ్చిన" అన్న అర్థం ఉంది. కింది మనిషి పై మనిషికి చెప్పుకునే దండం కాబట్టి అందులో మర్యాదతో పాటు భయం కూడా ఉంది, దాన్ని ముద్దు చేయక్కర్లేదు. అదే శరణార్థి పేపర్లోకి ఎక్కేసరికి గుడారాల్లో వరసగా కూర్చున్న జనం అవుతుంది. దానికి ఇంకో మాట కాందిశీకుడు. "ఏ దిక్కుకి పోవాలి?" అని అడిగేవాడని దాని పుట్టుక. ఒక మాటలో తలుపు దగ్గర నిలబడ్డ మనిషి ఉన్నాడు. రెండో మాటలో తలుపే లేదు, దిక్కులు మాత్రమే ఉన్నాయి.

ఈ వ్యాసం ఆ రెండు మాటల మధ్య ఉన్న మనుషుల గురించి, వాళ్ళని చూసి రాసిన చదువుకున్న కుర్రాళ్ళ గురించి.

ముందు నేల సంగతి చెప్పాలి. చెన్నూరు దగ్గర గోదావరి ఉత్తరానికి తిరుగుతుంది. అందుకే ఇక్కడ స్నానానికి అంత పేరు. ఇంకొంత కిందకి పోతే కాళేశ్వరం దగ్గర ప్రాణహిత వచ్చి కలుస్తుంది. ఆ నదికి అవుతలి దరి సిరొంచ. ఇప్పుడు వంతెన మీద బైకు పోతుంది, మధ్యలో రాష్ట్రం మారిందని ఫోనుకొచ్చే మెసేజ్ చెప్తే తప్ప తెలీదు. సిరొంచలో తెలుగే వినపడుతుంది. పిల్లనిచ్చి పుచ్చుకోవడాలు నదికి అడ్డంగా నడుస్తూనే ఉన్నాయి. కానీ 1948 సెప్టెంబర్ దాకా ఈ దరి నిజాం రాజ్యం, అసఫ్‌జాహీల ఆదిలాబాద్ జిల్లాలో చెన్నూరు తాలూకా. ఆ దరి సెంట్రల్ ప్రావిన్సెస్‌లో చాందా జిల్లా. ముందు బ్రిటిష్ వాళ్ళది, 1947 ఆగస్టు 15 తర్వాత స్వతంత్ర భారతదేశానిది. ఎండాకాలం ఇసుక మీద నడిచి పాయలు దాటితే ఒక మనిషి ఒక ప్రభుత్వం చేతిలోంచి ఇంకో ప్రభుత్వం చేతిలోకి పోయినట్టు. మా భాషలో దరి అంటే ఒడ్డు, దరి చేరడం అంటే ఆసరా దొరకడం. ఇక్కడ ఆ రెండూ ఒకటే అయిన రోజులున్నాయి.

విద్యార్థుల కథ అంతకు పదేళ్ళ ముందు మొదలవుతుంది. 1938 చివర్లో ఉస్మానియా విశ్వవిద్యాలయం హాస్టళ్ళలో కుర్రాళ్ళు ప్రార్థన గదుల్లో వందేమాతరం పాడారు. యూనివర్సిటీ వద్దంది. వాళ్ళు మానలేదు. స్ట్రైక్ జరిగింది, వందల మందిని తీసేశారు. గొడవ హైదరాబాద్‌తో ఆగలేదు, వరంగల్ కాలేజీకీ పాకింది. తీసేసిన వాళ్ళని రాజ్యంలో ఇంకే కాలేజీ తీసుకోదు. అప్పుడు నాగపూర్ విశ్వవిద్యాలయం తలుపు తీసింది. వరంగల్ కాలేజీ నుంచి వెళ్ళగొట్టబడ్డ వాళ్ళలో కరీంనగర్ జిల్లా వంగర దొరల ఇంటికి దత్తత వచ్చిన పదిహేడేళ్ళ పాములపర్తి వెంకట నరసింహారావు ఒకడు. ఉస్మానియాలో చదువుతూ బయటపడ్డ దేవులపల్లి వెంకటేశ్వరరావు జబల్‌పూర్ వెళ్ళి బి.ఏ. పూర్తి చేశాడు. ఒకాయన తర్వాత ప్రధానమంత్రి, ఇంకొకాయన సాయుధ పోరాట నాయకుడు, ఆ తర్వాత విప్లవ కమ్యూనిస్టు. ఒకే పాట, ఒకే వేటు, ఆ తర్వాత రెండు దారులు. దీని మీద ఎవరైనా ఒక నవల రాస్తే నేను ముందే డబ్బులు కట్టి కొంటాను.

ఈ కుర్రాళ్ళని శరణార్థులు అనొచ్చా? మన ఉద్యమ చరిత్రలు వాళ్ళని వీరులంటాయి, అది నిజమే. కానీ వీరుడికి ఇల్లు ఉంటుంది. వీళ్ళకీ ఇళ్ళున్నాయి, చాలామందికి ఇంటి నుంచి డబ్బు వచ్చేది. ఏ దిక్కుకి పోవాలని అడగాల్సిన అవస్థ వాళ్ళది కాదు. అయినా ఒకటి జరిగింది. ఉస్మానియాలో బోధన ఉర్దూలో. ఉర్దూలో చదువుకుంటూ వచ్చిన తెలుగు పిల్లలు అర్ధాంతరంగా మరాఠీ, హిందీ మాట్లాడే ఊళ్ళో పడ్డారు. చదువు కోసం ఇంగ్లీషు, కూరగాయల కోసం మరాఠీ. పీవీ నాగపూర్ నుంచి పుణె వెళ్ళి ఫెర్గూసన్ కాలేజీలో సైన్సు, తిరిగి నాగపూర్ వచ్చి లా చదివాడు. ఆ బతుకులోంచి వచ్చిన మరాఠీతోనే తర్వాత హరి నారాయణ్ ఆప్టే నవల 'పణ్ లక్షాత్ కోణ్ ఘేతో' ని 'అబల జీవితం' పేరుతో తెలుగు చేశాడు. మూలం పేరుకి అర్థం "కానీ పట్టించుకునేదెవరు?" ఇల్లు వదిలిపోవడం వల్ల వచ్చే లాభాలు కొన్ని ఉంటాయి, వాటిలో అనువాదం ఒకటి. ఈ మాట అమెరికాలో ఉన్న మన వాళ్ళకి చెప్పక్కర్లేదనుకుంటా.

తిరిగి 1947కి వద్దాం. దేశానికి స్వాతంత్ర్యం వచ్చింది, హైదరాబాద్‌కి రాలేదు. నవంబర్ 29న నిజాం భారత ప్రభుత్వంతో యథాతథ ఒప్పందం చేసుకున్నాడు. కాసిం రజ్వీ రజాకార్లు ఊళ్ళ మీద పడటం, స్టేట్ కాంగ్రెస్ సత్యాగ్రహం, కమ్యూనిస్టుల దళాలు అన్నీ ఒకేసారి నడుస్తున్నాయి. సరిహద్దు పొడుగునా జనం మూటలు కట్టుకుని దాటారు. నల్లగొండ, ఖమ్మం వైపు వాళ్ళు కృష్ణా జిల్లాలోకి, మన వైపు వాళ్ళు చాందా వైపుకి. స్టేట్ కాంగ్రెస్ సరిహద్దు క్యాంపులు పెట్టింది. చాందా క్యాంపులో పనిచేసిన వాళ్ళలో అప్పటికి బూర్గుల రామకృష్ణారావు దగ్గర జూనియర్ వకీలుగా చేరిన పీవీ ఉన్నాడు.

సరిహద్దు క్యాంపు అన్నది ఒక తికమక చోటు. ఇవాళ మనం క్యాంపు అనగానే యూఎన్ గుర్తున్న తెల్ల టెంటు, వరసలో గిన్నె పట్టుకున్న పిల్ల కళ్ళ ముందుకొస్తాయి. ఇవి అట్లాంటివి కావు. పారిపోయి వచ్చినవాడికి నీడ, పారిపోయేట్టు చేసినవాడి మీదకి దాడి రెండూ అక్కణ్ణుంచే. అన్నం వండే చోటికి దగ్గర్లోనే తుపాకీ పట్టడం నేర్పేవాళ్ళు. నిన్న భయంతో నది దాటినవాడు రేపు కోపంతో మళ్ళీ దాటుతాడు. శరణార్థి అంటే నోరులేని బాధితుడే అయ్యుండాలనే మన అలవాటుకి ఈ క్యాంపులు లొంగవు. ఇంకో చిక్కు కూడా ఉంది. దాటినవాడు పరాయి దేశం పోయాడా, స్వదేశంలోకి వచ్చాడా? ఆ ఏడాది పాటు దానికి సరైన జవాబు లేదు. శరణార్థి ఎవరో నిర్వచించిన ఐక్యరాజ్యసమితి ఒప్పందం 1951లో గానీ రాలేదు, దాని మీద ఇండియా ఇప్పటికీ సంతకం పెట్టలేదు.

ఇక కథ. 1949లో వరంగల్ నుంచి వచ్చే కాకతీయ పత్రికలో 'గొల్ల రామవ్వ' అచ్చయింది. పీవీ, ఆయన బంధువూ మిత్రుడూ అయిన పాములపర్తి సదాశివరావు ఆ పత్రికలో జయ-విజయ పేర్లతో రాసేవాళ్ళు. పీవీకి అప్పుడు ఇరవయ్యెనిమిదేళ్ళు. చదువు ముగిసి కొన్నేళ్ళయింది, కానీ వెళ్ళగొట్టబడ్డ విద్యార్థి అన్న ముద్ర పోలేదు. చాందా నుంచి తిరిగొచ్చి ఎంతో కాలం కాలేదు.

ఏం రాస్తాడని మనం అనుకుంటాం? క్యాంపు గురించి. తను చూసిన మూటలు, పిల్లలు, ఏడుపులు. లేకపోతే తన గురించి: నేనెట్లా నది దాటాను, ఎట్లా ఆయుధాలు సేకరించాను. ఆయన రెండూ రాయలేదు. కథంతా ఒక ముసలి గొల్లామె గుడిసె. ఒక రాత్రి పోలీసులు తరుముతున్న ఒక కాంగ్రెస్ కుర్రాడు అందులో వచ్చి పడతాడు. ఆమెకి అతని పేరు తెలీదు, కులం తెలీదు. లోపల ఆమె మనవరాలుంది, పెళ్ళీడు పిల్ల. రామవ్వ అతన్ని గొల్లవాణ్ణి చేసేస్తుంది, తన ఇంటి మనిషిని చేసేస్తుంది. పోలీసులొచ్చి అడిగితే మనవరాలి మొగుడన్నట్టు నమ్మిస్తుంది. వాళ్ళు పోతారు.

ఇందులో పణంగా పెట్టిందేమిటో చూడండి. ప్రాణం ఒక్కటే అయితే మామూలు సాహస కథ. ఒక పెళ్ళికాని పిల్ల పరువు, ఊళ్ళో ఆ ఇంటి మాట, ముసలామె ఇన్నేళ్ళూ కాపాడుకున్న మిగతా అంతా ఒక ముక్కూ మొహం తెలీని కుర్రాడి కోసం పెట్టింది. చదువుకున్న పై కులం కుర్రాడు ఆ రాత్రికి బతకాలంటే గొల్లవాడు కావాల్సిందే. దొరల ఇంట పెరిగిన రచయిత ఈ తిరకాసుని రాశాడంటే తెలియకుండా రాసి ఉండడని నా నమ్మకం. దండం ఇక్కడ తిరగబడింది. ఎప్పుడూ శనార్తి చెప్పే మనిషి గుమ్మంలోకి, చెప్పించుకునే ఇళ్ళ కుర్రాడు శరణు కోరి వచ్చాడు.

అన్నిటికన్నా నాకు నచ్చింది పేరు. కథ కుర్రాడి పేరు మీద లేదు. తలుపు తీసినామె పేరు మీద ఉంది. ఆమె మాట్లాడేది తెలంగాణ మాట. అప్పటికి ఆ మాటని అచ్చులో పెడితే నవ్వించడానికే అనుకునేవాళ్ళున్నారు. రామవ్వ నోట అది నవ్వించదు, ఆజ్ఞాపిస్తుంది. కథలో లోపాలు లేకపోలేదు. మనవరాలు మల్లమ్మ ఏమనుకుందో కథ పెద్దగా అడగదు, ఆమె ఒక అడ్డుతెరగా మిగిలిపోయింది. ఇవాళ రాసేవాళ్ళెవరైనా మల్లమ్మ వైపు నుంచి మొదలుపెడతారు. అయినా యాభై ఏళ్ళ తర్వాత, 1998లో, ఆయన ఇంగ్లీషులో రాసిన లావుపాటి 'ది ఇన్‌సైడర్' కంటే, అందులో హైదరాబాద్‌కి అఫ్రోజాబాద్ అని మారు పేరు పెట్టి చెప్పిన రాజకీయమంతటి కంటే, ఈ చిన్న కథలోనే ఆ కాలం ఎక్కువ ఊపిరి పీలుస్తుంది. నవల్లో ఆయన లోపలి మనిషి. కథలో బయటినుంచి వచ్చి ఒకరి గుడిసెలో దాక్కున్న మనిషి.

కానీ 'గొల్ల రామవ్వ' అచ్చయిన ఏడాదిని మర్చిపోకూడదు. 1948 సెప్టెంబర్ 13న భారత సైన్యం వచ్చింది, 17కల్లా అయిపోయింది. ఆ తర్వాత వారాల్లో దిక్కు అడగాల్సిన వంతు ముస్లింలది. నెహ్రూ ప్రభుత్వం పంపిన పండిత్ సుందర్‌లాల్, ఖాజీ అబ్దుల్ గఫార్‌ల బృందం ఆ చలికాలంలో రాజ్యమంతా తిరిగి, తక్కువలో తక్కువ 27,000 నుంచి 40,000 మంది చనిపోయారని లెక్క కట్టింది. ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాలు అన్నిటికన్నా ఘోరంగా దెబ్బతిన్నాయి. ఆ రిపోర్టుని దశాబ్దాల పాటు బయటికి రానివ్వలేదు. ఊళ్ళు వదిలి హైదరాబాద్ నగరంలోకి వచ్చిన వాళ్ళు, ఇంకా దూరం కరాచీ పోయిన వాళ్ళు. రచయిత ఇబ్రహీం జలీస్ పాకిస్తాన్ వెళ్ళిపోయి 'దో ముల్క్ ఏక్ కహానీ' రాశాడు. ఉర్దూలో ఆ దుఃఖానికి చోటు దొరికింది.

తెలుగులో? 1949లో తెలుగు పాఠకుడికి అందిన కథలో శరణు కోరినవాడు మనవాడు, తరిమేవాడు నిజాం పోలీసు. అది అబద్ధం కాదు. అయితే అదే సమయంలో ఎక్కడో ఒక రామవ్వ గుడిసెలోకి ఒక ముస్లిం కుర్రాడు కూడా వచ్చిపడి ఉంటే ఆ కథ ఎవరు రాయాలి? నెల్లూరి కేశవస్వామి రాశాడు. వృత్తికి ఇంజనీరు, ఉర్దూ ఇంటి భాషంత వచ్చు, పాతబస్తీ నవాబుల ఇళ్ళూ వాళ్ళ వంటమనుషుల మనసులూ రెండూ తెలుసు. ఆయన 'యుగాంతం' కథ ఆ సెప్టెంబర్ రోజుల గురించి. 'చార్మినార్' కథలు చదివితే ఒక నగరం తన మనుషుల్నే పోగొట్టుకోవడం కనపడుతుంది. ఆయన్ని తెలంగాణ పాఠకులే చాలా ఆలస్యంగా గుర్తు తెచ్చుకున్నారు. (ఇంజనీర్లు కథలు రాస్తే ఇంతే అని మా ఆఫీసులో ఒక జోకు ఉంది, వదిలేద్దాం.) గెలిచిన పక్షం నుంచి వచ్చిన చదువుకున్న రచయితలకి తమని కాపాడిన గుడిసెలు గుర్తున్నంతగా, తమవాళ్ళు ఖాళీ చేయించిన ఇళ్ళు గుర్తు లేవు. నా ఫిర్యాదు ఇదే. పీవీ మీద ఒక్కడి మీదే కాదు, ఆ తరం మొత్తం మీద.

ఇప్పుడు చెన్నూరు నుంచి ఉత్తరానికి, కాగజ్‌నగర్ దిక్కు పోదాం. పేపర్ మిల్లు ఊరు. దాని చుట్టూ ఈస్‌గాం, నజ్రూల్‌నగర్ అని ఊళ్ళున్నాయి. తూర్పు పాకిస్తాన్ నుంచి వచ్చిన బెంగాలీ కుటుంబాలకి ప్రభుత్వం అక్కడ భూమి ఇచ్చి పెట్టింది. ప్రాణహిత అవుతలి దరిన గడ్చిరోలి జిల్లాలో చామోర్షి, ముల్చేరా వైపు కూడా వాళ్ళ ఊళ్ళున్నాయి. 1958లో మొదలైన దండకారణ్య ప్రాజెక్టు బస్తర్, కోరాపుట్ అడవుల్లో చేసిన పనికి ఇది పక్క వాటా లాంటిది. వరి, చేప, నీళ్ళలో పుట్టిన జనాన్ని తెచ్చి టేకు అడవి అంచున పెట్టారు. ఊరికి కవి పేరు పెట్టుకున్నారు: కాజీ నజ్రుల్ ఇస్లాం, ఇండియాలోని చురూలియాలో పుట్టి, బంగ్లాదేశ్ జాతీయ కవిగా 1976లో ఢాకాలో చనిపోయినవాడు. తమని వెళ్ళగొట్టిన నేల మీది ముస్లిం కవి పేరుని హిందూ శరణార్థులు తమ కొత్త ఊరికి పెట్టుకున్నారంటే, అందులో ఒక కథ మొత్తం ఉంది. తెలంగాణలో కవి పేరున్న ఊరు ఇంకెన్ని చెప్పగలం?

ఇక్కడ తలుపు తీసిందెవరు అనేది సులువైన ప్రశ్న కాదు. రామవ్వ తన గుడిసె తనే ఇచ్చింది. ఇక్కడ ఇచ్చింది సర్కారు. ఆ అడవి అప్పటికేమీ ఖాళీ కాదు, గోండులు, కోలాములు ఉన్నారు. జోడేఘాట్‌లో కొమురం భీం చనిపోయింది 1940లో, అది భూమి గురించే. వాళ్ళని అడిగి బెంగాలీలకి చోటు ఇవ్వలేదు. బెంగాలీలనీ అడిగి ఇక్కడికి తేలేదు. ఇద్దరి తరఫునా మూడోవాడు సంతకం పెట్టాడు. మంచి కథ కావాలంటే ఈ మూడు కోణాలూ పట్టుకోవాలి, అందుకే అది కష్టం. తెలుగు కథల సంకలనాల్లో ఈ ఊళ్ళకి దక్కిన చోటు చాలా చిన్నది.

కాలేజీ పత్రికల్లో, ఫీల్డ్ విజిట్ తర్వాత పిల్లలు రాసే రచనలు నేను ఇష్టంగా చదువుతాను. సిటీకి వచ్చిన రోహింగ్యా కుటుంబాల మీద, బెంగాలీ క్యాంపుల మీద రాసినవి అప్పుడప్పుడు కనపడతాయి. వాటి తీరు ఒకటే. బస్సు దిగాం, వాళ్ళు మాకు టీ ఇచ్చారు, వాళ్ళ కళ్ళలో ఏదో ఉంది, ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నిద్ర పట్టకపోవడం మంచిదే. కానీ చివరికి రచనలో మిగిలేది ఆ నిద్ర పట్టని కుర్రాడే, టీ ఇచ్చినామె కాదు. ఆమె ఆ పాలు ఎక్కడ తెచ్చింది, ఏ భాషలో పిల్లని కసిరింది, ఎవరికి బాకీ ఉంది అన్నవి రావు.

దీనికి ఇంగ్లండ్‌లో ఒక పద్ధతి కనిపెట్టారు. 2015లో గాట్విక్ విమానాశ్రయం దగ్గర నిర్బంధంలో ఉన్న వాళ్ళని కలిసే ఒక సంస్థ, కెంట్ విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పే కవి డేవిడ్ హెర్డ్ లాంటి వాళ్ళు కలిసి 'రెఫ్యూజీ టేల్స్' మొదలుపెట్టారు. చాసర్ యాత్రికుల్లాగా రోజుల తరబడి నడుస్తారు, ప్రతి రాత్రీ ఒక మజిలీలో కథ. శరణార్థి చెప్తాడు, రచయిత రాస్తాడు, శీర్షికలోనే ఇద్దరూ ఉంటారు: ఫలానా మనిషి కథ, ఫలానా రచయితకి చెప్పినట్టు. అలీ స్మిత్ రాసినదాంట్లో ఆ మనిషి 'నువ్వు', ఆమె వినేది మాత్రమే. కేసు నడుస్తున్నవాళ్ళు పేరు బయట పెడితే ప్రమాదం కాబట్టి ఈ ఏర్పాటు. మంచి పద్ధతే, కానీ రాసే చెయ్యి ఎప్పుడూ ఆతిథ్యం ఇచ్చే దేశానిదే. పీవీ కథ దీనికి తలకిందులు. అక్కడ రాసింది శరణు పొందిన వైపు మనిషి, రాయబడింది ఇచ్చిన మనిషి. 'నేను' అని ఒక్కసారి కూడా అనకుండా తన అప్పు తీర్చుకున్నాడు.

ఆ లెక్కన నజ్రూల్‌నగర్ కథ రాయాల్సింది మన కాలేజీ టూర్ బ్యాచ్ కాదు. అక్కడ మూడో తరం పిల్లలు తెలుగులో చదువుతున్నారు. ఇంట్లో బెంగాలీ, బజార్లో తెలుగు, కొందరికి పక్క గూడెం నుంచి వచ్చిన నాలుగు గోండి ముక్కలు. ఉస్మానియా ఉర్దూలోంచి నాగపూర్ మరాఠీలో పడ్డ కుర్రాడికి ఉన్న సరంజామా కంటే ఇదేం తక్కువ కాదు. వాళ్ళలో ఒక అమ్మాయి ఏదో రోజు తన నానమ్మకి మొదటి వానాకాలం విత్తనాలు అప్పిచ్చిన తెలుగామె గురించో, ఇవ్వనామె గురించో రాస్తుంది. కథ పేరు ఎవరి మీద పెడుతుందో చూడాలి.

ఈలోగా ఆమె ముందు వేరే కాగితాలున్నాయి. అక్కడి కుటుంబాల్లో చాలామంది నమశూద్రులు. పశ్చిమ బెంగాల్లో వాళ్ళు షెడ్యూల్డ్ కులం. తెలంగాణ జాబితాలో ఆ పేరు లేదు, చేర్చమని ఏళ్ళ తరబడి అడుగుతూనే ఉన్నారు. డిగ్రీ అడ్మిషన్ ఫారం నింపేటప్పుడు ఆ పిల్లలు కులం అన్న గడి దగ్గర ఒక నిమిషం ఎక్కువ ఆగుతారు.